లిఫ్ట్ ఎక్కాలంటే నెగెటివ్ రిపోర్టు

కరోనా తగ్గిందో లేదో తేల్చాల్సింది డాక్టర్లనీ, వాళ్లకు దారి చూపేది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అనీ ఢిల్లీలో అనుకునేవారు. హైదరాబాద్ ఫ్లాట్లలో ఉండేవాళ్లకు అలాంటి భ్రమలు లేవు. ఇక్కడ ఆ అధికారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగారిది. మా సెక్రటరీగారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. బోరు మోటారు ఎప్పుడు వెయ్యాలో, వాచ్‌మన్ ఎప్పుడు నిద్ర లేవాలో, వైరస్ ఎవరి ఒంట్లోంచి ఎప్పుడు పోవాలో అన్నీ ఆయనే నిర్ణయించేవారు.

2021 మే మొదటి వారంలో, ల్యాబులు శాంపిళ్లతో ఉక్కిరిబిక్కిరవుతున్న రోజుల్లో, ఐసీఎంఆర్ ఒక సూచన జారీ చేసింది. ఒకసారి పాజిటివ్ అని తేలినవాళ్లకు మళ్లీ ఆర్టీపీసీఆర్ చెయ్యొద్దు, కోలుకుని డిశ్చార్జి అయ్యేవాళ్లకూ పరీక్ష అక్కర్లేదు అంది. స్వల్ప లక్షణాలతో ఇంట్లోనే ఉన్నవాళ్లకైతే లక్షణాలు మొదలై పది రోజులు గడిచి, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే ఐసొలేషన్ ముగిసినట్టేనని ఆరోగ్య శాఖ అప్పటికే చెప్పి ఉంది. మళ్లీ పరీక్ష వద్దనడానికి కారణమూ ఉంది. ఆర్టీపీసీఆర్ వెతికేది వైరస్ జన్యు పదార్థపు ముక్కల్ని. దొరికిన ముక్కను రెండు చేసి, రెండును నాలుగు చేసి, కంటికి ఆనేదాకా పెంచుతుంది. ఆ ముక్క బతికున్న వైరస్‌దా, చచ్చినదాని శకలమా అన్నది దానికి పట్టదు. అందుకే మనిషి లేచి తిరుగుతున్నా, ఎవరికీ అంటించే స్థితిలో లేకపోయినా, వారాల తరబడి పాజిటివ్ చూపించగలదు.

ఇదంతా, పాజిటివ్ వచ్చిన మా నాలుగో అంతస్తు మాస్టారు ప్రింటు తీయించి మరీ సెక్రటరీగారికి చూపించారు. ఆయన కళ్లజోడు సవరించుకుని ఓపిగ్గా చదివారు. "బాగుంది మాస్టారూ, కానీ ఇది ఢిల్లీ వాళ్ల రూలు. మన బైలాస్ వేరు కదా!" అన్నారు. నెగెటివ్ రిపోర్టు వాట్సాప్ గ్రూపులో పెట్టేదాకా మాస్టారు మెట్లే ఎక్కాలన్నది తీర్మానం. కరోనాతో ఆయాసపడుతున్న మనిషి నాలుగంతస్తులు ఎక్కి దిగాలన్న ఆలోచన వైద్యశాస్త్రానికి ఇంతవరకూ తట్టలేదు.

అసలు పరీక్ష దాకా రావడమే పెద్ద కథ. జలుబెందుకని అడిగితే ఏప్రిల్ ఎండల్లో "వానలో తడిశానండీ" అన్నవాళ్లను నేనెరుగుదును. శాంపిల్ కోసం ఇంటికొచ్చే ల్యాబు కుర్రాడిని పీపీఈ కిట్టు సంచిలో పెట్టుకుని, ఫుడ్ డెలివరీకి వచ్చినట్టు రమ్మని బతిమాలేవారు. తలుపు మూశాకే అతను కిట్టు తొడుక్కోవాలి. పల్లెల్లో బ్లీచింగ్ పౌడర్ గీత గీసి వెలేస్తే ఇక్కడ వాట్సాప్ గ్రూపులో గీసేవాళ్లు. ర్యాపిడ్ టెస్టు నెగెటివ్ వస్తే పండగే. లక్షణాలుండి ర్యాపిడ్‌లో నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ చేయించాలన్న రెండో వాక్యం మాత్రం ఎవరికీ వినపడలేదు.

కాస్త చేతిలో డబ్బున్నవాళ్లు నేరుగా సీటీ స్కానుకు పరిగెత్తారు. ఊపిరితిత్తుల్లో అయిదు భాగాలు, ఒక్కోదానికి అయిదు చొప్పున మొత్తం ఇరవై అయిదు మార్కులు. ఇంటర్ ఫలితాల రోజు తప్ప మన జాతి మార్కుల కోసం ఇంత ఆత్రపడింది లేదు. "మీవాడికెంతొచ్చింది వదినా?" "ఎనిమిది." "మావాడికి ఆరే!" ఇక్కడ తక్కువ వచ్చినవాడే ఫస్టు. మరోపక్క ఆర్టీపీసీఆర్ రిపోర్టులో సీటీ వ్యాల్యూ అని ఇంకో అంకె ఉండేది. అది ఎంత పెద్దదైతే వైరస్ అంత తక్కువ. ఈ రెంటినీ కలిపేసి ఏడవాల్సినవాళ్లు స్వీట్లు పంచారు, పంచాల్సినవాళ్లు ఏడ్చారు. స్వల్ప లక్షణాలున్నవాళ్లకు స్కాను అక్కర్లేదు, ఒక్క స్కాను మూడు నాలుగొందల ఎక్స్‌రేలతో సమానం అని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా హెచ్చరించారు. రేడియాలజిస్టులు ఆ లెక్క పాతదని తగువుకొచ్చారు. ఆ తగువు తేలేలోపే స్కానింగ్ సెంటర్లు తమ పని తాము చేసుకుపోయాయి.

మందుల సంగతికొస్తే, అప్పటి ఇద్దరు తెలుగు ముఖ్యమంత్రులు ఏకాభిప్రాయానికి వచ్చిన అరుదైన విషయం పారాసిటమాల్. 2020 మార్చిలో అసెంబ్లీలో కేసీఆర్, ప్రెస్ మీట్‌లో జగన్ కరోనాకు ఆ మాత్ర చాలన్నట్టు మాట్లాడారు. ఊరంతా పగలబడి నవ్వింది. ఏడాది తిరిగేసరికి అదే ఊరు డోలో 650 స్ట్రిప్పులు పప్పుబెల్లాల్లా మింగింది. ముఖ్యమంత్రులకు క్షమాపణ చెప్పినవాళ్లెవరూ నాకు కనపడలేదు. చెప్పాలని కూడా నేననను, వైరస్‌ను వాళ్లూ అంత తేలిగ్గా తీసుకోకుండా ఉండాల్సింది. కోడి కథ ఇంకా విచిత్రం. 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుతో ధర పడిపోతే, నెక్లెస్ రోడ్డు వేదిక మీద మంత్రులే చికెన్ తిని చూపించాల్సొచ్చింది. తర్వాత కోలుకునేవాళ్లకు ప్రొటీన్ కోసం గుడ్లూ, చికెనూ తినమన్నారు. నిందితురాలే నర్సయింది.

మాస్టారు కోలుకున్నారు. పోపులో ఇంగువ వాసన మళ్లీ తగిలిన రోజున ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. అయితే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం కుదరదు కదా. రిపోర్టు కోసం రెండోసారి ముక్కులో పుల్ల పెట్టించుకున్నారు. పాజిటివ్! సెక్రటరీగారి ముఖం వెలిగిపోయింది. "చూశారా మాస్టారూ, నేను చెప్పలేదూ!" పొడిదగ్గు మాత్రం ఇంకొన్నాళ్లు వదల్లేదు. మెట్ల మీద మాస్టారు దగ్గు వినపడితే పై నుంచి కింద దాకా తలుపులు పడిపోయేవి.

ఇదే కాలంలో అసోసియేషన్ ఇంకో తీర్మానం చేసింది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు నెగెటివ్ రిపోర్టు తెస్తేనే గేటు లోపలికి. పరీక్ష ధర మొదట్లో 4,500 రూపాయల దాకా ఉండి, 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ల్యాబులకు 2,200గా నిర్ణయించాక క్రమంగా ఇంకా దిగింది. దిగినా ఆ డబ్బు ఎవరివ్వాలో తీర్మానంలో లేదు. సర్కారు దవాఖానలో ఉచితంగానే చేసేవారు, కానీ లైన్లో నిలబడ్డ పూట జీతం ఎవరిస్తారో అదీ లేదు. మొదటి అంతస్తు వాళ్లు గోవా వెళ్లొచ్చి సూట్‌కేసులతో నేరుగా లిఫ్టెక్కారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు, మెయింటెనెన్స్ ముందుగానే కట్టేస్తారు కాబట్టి.

మా ఫ్లోర్లో అంట్లు తోమే యాదమ్మ గేటు దగ్గరే నిలబడి సెక్రటరీగారిని అడిగింది: "నా రిపోర్టు తెమ్మంటున్రు, తెస్త సారూ. నేను నాలుగిండ్ల ఎంగిలి గిన్నెలు తోముత. ఆ నాలుగిండ్లోళ్ల రిపోర్టులు నాకెవలు చూపెడ్తరు?"

సెక్రటరీగారు దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేదు. ముఖ్యమైన అంశమనీ, జనరల్ బాడీ మీటింగులో చర్చిద్దామనీ రిజిస్టర్లో రాసుకున్నారు. కోవిడ్ నిబంధనల దృష్ట్యా ఆ మీటింగు వాయిదా పడింది. ఆ వాయిదా ఇంకా నడుస్తోంది.