వీపు నేలకానితే అయిపోయిందనుకున్నాను

పైన కూర్చున్నవాడు గెలుస్తున్నట్టు, కింద నలుగుతున్నవాడు ఓడుతున్నట్టు. ఈ ఒక్క సూత్రం పట్టుకుని చాలా ఏళ్ళు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పండితుడిగా చలామణీ అయ్యాను. సూత్రం మన కుస్తీది. తాలింఖానా మట్టిలో వీపు ఆనిందా, ఇక అంతే సంగతులు. ఒలింపిక్ కుస్తీలోనైనా రెండు భుజాలూ మ్యాట్‌కి అంటుకుంటే ఆట ముగిసినట్టే. ఇందులో వాదించడానికేముందని నా ధీమా.

వాదించేవాడు మా బావమరిది. వాడు బ్రెజిలియన్ జియుజిట్సు నేర్చుకుంటున్నాడు. వెల్లకిలా పడుకుని పోట్లాడే విద్యకు ఫీజు కూడానా అని పెళ్ళిళ్ళలో నలుగురి ముందూ ఏడిపించేవాణ్ణి.

2010 ఆగస్టులో, జియుజిట్సు కూడా నేర్చిన ఛాంపియన్ ఆండర్సన్ సిల్వాకూ చేల్ సనెన్‌కూ పోటీ. మనకది ఆదివారం పొద్దున. కుస్తీలోంచి వచ్చిన సనెన్ నాలుగు రౌండ్లూ సిల్వాని పడగొట్టి, మీద కూర్చుని గుద్దుతూనే ఉన్నాడు. ఐదో రౌండులోనూ అదే తంతు. నేనాగలేక ఫోన్ చేశాను.

"ఏరా, మీవాడు ఇవాళ మంచం దిగేలా లేడే!"

"అయిపోనీ బావా."

ఇంకో రెండు నిమిషాలు నెట్టుకొస్తే సనెన్ ఛాంపియన్. ఇంతలో సిల్వా కిందనుంచే రెండు కాళ్ళూ అతని మెడ చుట్టూ వేసి బిగించి, చెయ్యి లాగి పట్టాడు. సనెన్ లొంగిపోయాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ఆ పట్టు పేరు ట్రయాంగిల్. పైవాడి ఒక చెయ్యి కాళ్ళ లోపల, రెండోది బయట చిక్కేలా చూస్తారు. అప్పుడు అతని మెడకు ఒక పక్క కిందివాడి తొడ, మరోపక్క అతని సొంత భుజమే ఒత్తుకుని మెదడుకు రక్తం ఆగుతుంది. నేనేమో అదృష్టమన్నాను. అదే ఏడాది జూన్‌లో ఫాబ్రిసియో వెర్డుమ్ ఇలాగే కిందనుంచి, సాంబో అనే రష్యన్ కుస్తీలో ఆరితేరిన ఫెదోర్ ఎమెలియనెంకోని 69 సెకన్లలో లొంగదీశాడు. అదీ అదృష్టమే!

నాకన్నా పెద్దవాళ్ళూ ఈ దెబ్బ తిన్నారు. 1976లో కరాచీలో గామా పహిల్వాన్ తమ్ముడి కొడుకు అక్రమ్, జపాన్‌కు చెందిన ఆంటోనియో ఇనోకీతో తలపడ్డాడు. ఇనోకీ చెయ్యి మెలిపెడితే అక్రమ్ లొంగలేదు. చెయ్యి పాడైంది, పోటీ పోయింది. ఆయన చెయ్యి ఇచ్చుకున్నాడు గానీ, నాకు పోయింది పరువొక్కటే. అదీ పెద్దగా ఉన్నది కాదు.

బావమరిది ఓపిగ్గా వివరించాడు. కుస్తీ మనిషి వీపు ఆనకూడదని చిన్నప్పట్నుంచీ పడ్డ అలవాటుకొద్దీ బోర్లా తిరుగుతాడట. జియుజిట్సువాడికి కావలసిందీ అదే. వెనకనుంచి మెడ దొరుకుతుంది. అది వినగానే నాకు జ్ఞానోదయమైపోయింది. మతం మార్చుకున్నవాడికి ఉండే ఉత్సాహంతో, ఇక కుస్తీ పనికిరాదని ఊరంతా చాటాను.

చాటి ఊరుకోక, జియుజిట్సు యోధుడు డెమియన్ మాయా వెనక చేరాను. నేలమీద అతనికి సాటి అరుదు. కానీ నేలమీదికి తేవాలిగా! 2017 జూలైలో టైరన్ వుడ్లీ ఐదు రౌండ్లపాటు ఒక్కసారి కూడా పడలేదు. తర్వాత కోల్బీ కవింగ్టన్, ఆ తర్వాత కమారు ఉస్మాన్. ముగ్గురూ కుస్తీవాళ్ళే. పోరు నిలబడి సాగాలా, నేలమీద సాగాలా అన్నది వాళ్ళ చేతిలో ఉండిపోయింది. వీపు చేరేయడానికి కేజ్ గోడ ఎలాగూ ఉంది.

సరే, కుస్తీయే గొప్పదని మళ్ళీ పాత గూటికి చేరాను. 2019 అక్టోబరులో సింగపూర్‌లో మాయా మీదికి బెన్ ఆస్క్రెన్ వచ్చాడు. 2008 ఒలింపిక్స్‌కు వెళ్ళిన మల్లుడు. బావమరిదితో బిర్యానీ పందెం కాశాను. మూడో రౌండులో మాయా అతని వీపెక్కి మెడ బిగించేశాడు. వుడ్లీ తన కుస్తీని పడకుండా ఉండటానికి వాడుకున్నాడు. ఆస్క్రెన్ కుస్తీ మాత్రం ఎదుటివాణ్ణి కిందికి తీసుకెళ్ళి అక్కడ ఉంచే రకం. ఒడ్డున నిలబడి మొసలిని గెలిచినవాళ్ళను చూసి, నీళ్ళలోకి దిగేవాడి మీద పందెం కాశానన్నమాట. బిర్యానీ మాత్రం బాగుంది.

ఇన్ని చూసినా 2020 అక్టోబరులో, అబుదాబీలో ఖబీబ్ నుర్మగొమెదోవ్ చివరి పోటీ చూస్తూ నేను చేసిన పని చెప్పుకోవాలి. పైన కూర్చుని ఊపిరాడనివ్వకపోవడంలో ఖబీబ్‌ది పెద్ద పేరు. ఎదురుగా కాలేజీ కుస్తీ చేసొచ్చిన జస్టిన్ గేచీ. రెండో రౌండులో ఛాతీమీద ఎక్కి కూర్చున్న ఖబీబ్ ఉన్నట్టుండి వెల్లకిలా పడ్డాడు. "జారిపోయాడు! అయిపోయాడు!" అని గావుకేక పెట్టాను. జారలేదు. ట్రయాంగిల్ వేసి, బిగింపు కుదరడానికి తనే కావాలని పడుకున్నాడు. నేను కేకపెట్టడం మానేలోపు గేచీ స్పృహ తప్పాడు.

బావమరిది ఇప్పటికీ ప్రతి పెద్ద పోటీకీ ముందు ఫోన్ చేసి, "ఎవరు గెలుస్తారంటావు బావా?" అని వినయంగా అడుగుతాడు. నా మాటకు విలువ పెరిగిందని మురిసిపోయాను. స్నేహితుల దగ్గర రెండోవాడి మీద బిర్యానీ పందెం కాయడానికట. ఈమధ్యే మా ఆవిడ చెప్పింది.