రహస్యం ఎప్పుడూ సొరుగులోనే

కుటుంబ రహస్యాలను, ఒకే కప్పు కింద ఒకరికి తెలియకుండా ఒకరు సాగించే చాటుబతుకులను వస్తువుగా తీసుకొని, హంతకుడు చీకటి సందులో కాక భోజనాల బల్లకు అవతలివైపే కూర్చుని ఉండవచ్చునన్న అనుమానం మీద నడిచే నవలను ఆంగ్ల విమర్శకులు డొమెస్టిక్ సస్పెన్స్ అంటారు. పేరు నిన్నమొన్నటిదే గాని సరుకు పాతది. 1860ల ఇంగ్లండులో ఇదే సరుకు సెన్సేషన్ నవల అన్న పేరుతో, అనగా పాఠకుల బుద్ధితో కాక నరాలతో వ్యవహరించే నవల అన్న నిందార్థంలో, రైల్వే స్టేషన్లలోని పుస్తకాల దుకాణాల దాకా పాకింది. ఈ రెండు కాలాల నవలలనూ పక్కపక్కన పెట్టుకొని చదివే ఓపిక ఉన్నవారికి, మలుపులనూ మెలికలనూ తీసివేయగా అడుగున మిగిలే నియమం ఒకటి కనిపిస్తుంది: రహస్యం ఉన్న మనిషి తన రహస్యానికి సాక్ష్యమైన వస్తువును ఎంతటి చలికాలంలోనైనా నిప్పులో వేయక, శుభ్రంగా మడిచి, కాగితంలో చుట్టి, సొరుగులో భద్రపరచుకుంటాడు. ఆనాటి సంపన్నుల ఇళ్ళలో దాదాపు గదికొక నిప్పుగూడు ఉండేదన్న సంగతి గుర్తుంచుకుంటే తప్ప ఈ నియమంలోని గాంభీర్యం పూర్తిగా బోధపడదు. సౌలభ్యం కోసం దీనిని సొరుగు సూత్రం అనుకోవచ్చు.

ఈ సూత్రాన్ని అత్యంత శ్రద్ధగా పాటించిన వ్యక్తి, మేరీ ఎలిజబెత్ బ్రాడన్ 1862లో మూడు సంపుటాలుగా వెలువరించిన లేడీ ఆడ్లీస్ సీక్రెట్ నవలలోని కథానాయిక. భర్త చెప్పాపెట్టకుండా బంగారం వేటలో ఆస్ట్రేలియా వెళ్ళిపోగా, ఆమె పసివాణ్ణి తన తండ్రికి అప్పగించి, పేరు మార్చుకొని, గవర్నెస్‌గా, అంటే కలిగినవారి ఇంట ఉండి వారి పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగినిగా కుదిరి, ఆ ప్రాంతపు పెద్దమనిషి సర్ మైకేల్ ఆడ్లీని పెళ్ళాడుతుంది. మొదటి భర్త తిరిగి వస్తున్నాడని తెలియగానే తాను చనిపోయినట్టు పత్రికలో ప్రకటన వేయిస్తుంది. అతడు ఎదురుపడగానే బావిలోకి తోస్తుంది. రెండు జీవితాలను ఇంత పకడ్బందీగా విడదీసిన ఈ మహా వ్యూహకర్త, పసివాడి ఉన్ని బూటునూ ఒక లేత వెంట్రుకల పాయనూ నగలపెట్టెలోని రహస్యపు అరలో దాచుకుంటుంది. పెట్టె తెరిచిన పనిమనిషి ఫీబీ, అందులోని వజ్రాల కంకణం కన్నా ఆ బుల్లి బూటే ఎక్కువ ధర పలుకుతుందని క్షణంలో గ్రహించడం, నవల మొత్తంలో ఆర్థికశాస్త్ర పరిజ్ఞానం కనబడే ఏకైక ఘట్టం. అంతటితో ఆగక ఆ ఇల్లాలు తన పాత టోపీపెట్టెను కూడా వదిలివేస్తుంది. సర్ మైకేల్ సోదరుని కుమారుడు రాబర్ట్, బారిస్టరు పట్టా ఉండీ కేసు పట్టని సోమరి, పెట్టె మీది చీటీని తడిపి తడిపి, చిరగకుండా ఓపికగా ఊడదీస్తే, మిస్ గ్రాహం అన్న మారుపేరు చీటీ కింద, మొదటి భర్త పేరుతో మిసెస్ జార్జ్ టాల్‌బాయ్స్ అన్న పాత చీటీ బయటపడుతుంది. చీటీ మీద చీటీ అంటించడానికి జిగురు కలుపుకొనేంత తీరిక ఉన్న మనిషికి కింది చీటీని గోకివేసే తీరిక మాత్రం దొరకలేదు. దొరికితే మూడో సంపుటం ఉండదు. ఈ నవల తెచ్చిపెట్టిన లాభంతో ప్రచురణకర్త టిన్స్లీ బార్న్స్‌లో ఒక భవనం కట్టించి దానికి ఆడ్లీ లాడ్జ్ అని పేరు పెట్టుకున్నాడు. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత ఆయన విని ఉండడు; ఆయనకు ఇంటిగుట్టు ఇల్లే కట్టించింది.

మూడో సంపుటం మీద ఇంత బెంగ ఎందుకన్న ప్రశ్నకు జవాబు గ్రంథాలయాల లెక్కల్లో ఉంది. అప్పట్లో మూడు సంపుటాల నవల వెల 31 షిల్లింగుల 6 పెన్నీలు. అంత పెట్టి కొనలేని పాఠకులు మ్యూడీస్ వంటి అద్దె గ్రంథాలయాల్లో ఏడాదికి ఒక గినీ చందా కట్టి, ఒక్కసారికి ఒక్కొక్క సంపుటం చొప్పున తెచ్చుకొనేవారు. మొదటి సంపుటం చివర ఎవరో ఒకరు కెవ్వుమనకపోతే రెండో సంపుటం కోసం మళ్ళీ వెళ్ళే నాథుడు ఉండడు. వారపత్రికలో ‘సశేషం’ అన్న మాట దగ్గర ఏడు రోజులు ఊపిరి బిగబట్టిన తెలుగు పాఠకులకు ఈ కిటుకును వివరించనక్కరలేదు. దీనికి తోడు 1857 నాటి చట్టం విడాకుల విచారణను పార్లమెంటు నుంచి కోర్టుకు మార్చగా, గౌరవనీయుల పడకగది సంగతులు పొద్దున్నే వార్తాపత్రికతో పాటు గుమ్మంలో పడసాగాయి. పెళ్ళాడిన స్త్రీ ఆస్తి చట్టరీత్యా చాలావరకు భర్త చేతికే పోయే కాలం కనుక, అల్లుడు మంచివాడా కాదా అన్నది కథకులకు తరగని గనిగా మారింది.

1861లో ఈస్ట్ లిన్ రాసిన ఎలెన్ వుడ్ సొరుగు కూడా అక్కరలేదని తేల్చింది. అందులో ఇల్లు వదిలి పరాయివాడితో వెళ్ళిపోయిన లేడీ ఇజబెల్, రైలు ప్రమాదంలో రూపం మారి, లోకం తనను చనిపోయినదిగా భావించగా, మదామ్ వైన్ అన్న పేరుతో సొంత ఇంటికే, సొంత పిల్లలకే గవర్నెస్‌గా వస్తుంది. ఆమె ఆయుధం ఒక జత నీలి కళ్ళద్దాలు. అప్పటికి మరొక స్త్రీని పెళ్ళాడి సుఖంగా ఉన్న భర్త, వృత్తిరీత్యా న్యాయవాది, ఆ కళ్ళద్దాల వెనక ఉన్నది తనతో కాపురం చేసిన భార్య అని గుర్తుపట్టడు. బుగ్గన పుట్టుమచ్చ అంటించుకున్న కథానాయకుణ్ణి కన్నతల్లే పోల్చుకోలేని సినిమాలు చూసి పెరిగిన తెలుగువారు దీనికి ఆశ్చర్యపోరు గాని, ఒక్క సంగతి గమనించాలి: ఆమెను ముందుగా గుర్తుపట్టేది పనిమనిషి జాయిస్. ఈ కోవ నవలల్లో యజమాని చదువుకు, అంతస్తుకు, అతని చూపు మందగించడానికి మధ్య ఏదో లంకె ఉన్నట్టు తోస్తుంది.

విల్కీ కాలిన్స్ ఇంతకన్నా పనివాడు. 1859లో ఆల్ ది ఇయర్ రౌండ్ వారపత్రికలో మొదలైన ఆయన ది ఉమన్ ఇన్ వైట్‌లో, భార్యకున్న ఇరవై వేల పౌన్ల మీద కన్నేసిన సర్ పెర్సివల్, తన మిత్రుడైన కౌంట్ ఫోస్కోతో కలిసి, ఆమెను పోలిన మరో అభాగ్యురాలు చనిపోగా చనిపోయింది తన భార్యే అని నమ్మించి, అసలు భార్యను పిచ్చాసుపత్రిలో పెట్టిస్తాడు. మరణపత్రంలో ఉన్న తేదీ నాటికి ఆమె ఇంకా లండనుకు బయలుదేరనే లేదని, అంటే ఒక్క రోజు తేడా ఉందని రుజువైతే కుట్ర కూలిపోతుంది. వందల పుటలు ఆ ఒక్క రోజు కోసమే నడుస్తాయి. తీరా నవల పుస్తకంగా వచ్చాక, టైమ్స్ పత్రిక సమీక్షకుడు తీరిగ్గా కూర్చుని లెక్క వేసి, నవలలోని ఆధారాలను బట్టే ఆ ప్రయాణం మరో రెండు వారాల దాకా జరగడానికి వీల్లేదని తేల్చాడు. దుర్మార్గులు పొరబడింది ఒక్క రోజు, రచయిత పొరబడింది రెండు వారాలు. కాలిన్స్ తరువాతి ముద్రణలో తేదీలు దిద్దుకున్నాడు. దుర్మార్గులకు ఆ అవకాశం ఇవ్వలేదు.

సొరుగు సూత్రం పరాకాష్ఠకు చేరింది మాత్రం 1868 నాటి ఆయన ది మూన్‌స్టోన్‌లో. వజ్రం పోయిన ఇంట్లో తడి ఆరని రంగు ఎవరి బట్టకో అంటుకున్నదని గ్రహించిన సార్జెంట్ కఫ్, రక్తపు మరకల కోసం వెతకక, ముందుగా చాకలిపద్దు తెప్పించమంటాడు. ఇంటిల్లిపాదిలో ఎవరి బట్ట తగ్గిందో అందులో ఉంటుందన్నది ఆయన తర్కం. అంతకన్నా ముందే పనిపిల్ల రొజానా ఆ బట్టను చేజిక్కించుకొని, తాను ప్రేమించే పెద్దమనిషిని కాపాడదలచి, సముద్రపు ఒడ్డున మనుషులను మింగే ఊబి ఇసుకలో దాచిపెడుతుంది. ఊబి అన్నాక సాక్ష్యం ఇక శాశ్వతంగా మాయమైనట్టే అని అమాయక పాఠకుడు అనుకుంటాడు. రొజానా రాత్రిపూట తొడుక్కొనే ఆ అంగీని రేకుపెట్టెలో పెట్టి, పెట్టెకు గొలుసు కట్టి, గొలుసు కొసను రాతికి బిగించి, దాన్ని పైకి లాగడం ఎలాగో విపులంగా ఉత్తరం రాసి పెడుతుంది. అంగీ మీద దాని సొంతదారు పేరు కూడా ఉంటుంది. ఊబిని సైతం సొరుగుగా మార్చగలిగిన ప్రతిభ ఇంగ్లీషు సాహిత్యంలో మరెవరికీ అబ్బలేదు.

1938లో డాఫ్నీ డ్యు మోరియర్ రాసిన రెబెకాకు వచ్చేసరికి దాచవలసిన నేరం కూడా అక్కరలేకపోయింది. మాండర్లీ భవనానికి రెండో భార్యగా వచ్చిన, పేరైనా చెప్పని కథానాయిక, బొమ్మ ఒకటి చేయి జారి పగిలితే, పింగాణీ ముక్కలను ఒక కవరులో వేసి బల్లసొరుగు లోపలికంటా తోసివేస్తుంది. ఆ ఇల్లు ఆమెదే, బల్ల ఆమెదే, బొమ్మ ఆమెదే. అయినా ఇంటి పనివారి మీద అజమాయిషీ చేసే మిసెస్ డాన్వర్స్‌కు తెలుస్తుందేమోనని ఆమె ప్రాణం గిలగిల్లాడుతుంది, ఈలోగా నింద కాస్తా ఒక నౌకరు నెత్తిన పడుతుంది. ఇదే ఇంట్లో యజమాని దాచినది ఇంతకన్నా చాలా పెద్దదని తరువాత తెలుస్తుంది గాని, పాఠకుడికి అసలైన వణుకు పుట్టించేది ఆ కవరే.

21వ శతాబ్దం ఈ సూత్రాన్ని తిరగేసింది. గిలియన్ ఫ్లిన్ 2012లో రాసిన గాన్ గర్ల్‌లో సగం కాలిన డైరీ ఒకటి పోలీసులకు దొరుకుతుంది. అది దొరకాలనే రాసిందని, అంత మేరకే కాలాలని కాల్చిందని తెలిసినప్పుడు (నవల చదవనివారు ఈ వాక్యాన్ని చదవనట్టే భావించుకోవలెను) నూటయాభై ఏళ్ళుగా సొరుగులను నమ్ముకున్న పాఠకలోకం నోరు వెళ్ళబెట్టింది. 2022లో ఫ్రీడా మెక్‌ఫాడెన్ ది హౌస్‌మెయిడ్‌తో పనిమనిషినే కథకురాలిని చేసి, తాళం బయటివైపు ఉన్న అటకగదిలో ఆమెను పడుకోబెట్టింది. తొలినాళ్ళ నుంచీ అన్నీ తెలిసిన మనిషికి కథ చెప్పే అవకాశం ఇవ్వడానికి ఇంతకాలం పట్టింది.

ఇక్కడ చిత్రమేమిటంటే, చాటుబతుకును ఎలా నడపాలో ఈ నవలాకారులకు తెలియక కాదు. కాలిన్స్ కరోలిన్ గ్రేవ్స్ అనే స్త్రీతో ఒక ఇంటా, విలియం డాసన్ అన్న మారుపేరుతో మార్తా రడ్ అనే స్త్రీతో మరో ఇంటా కాపురం చేశాడు. మార్తాకు పుట్టిన ముగ్గురు పిల్లలూ డాసన్ పేరుతోనే పెరిగారు. రెండిళ్ళ మధ్య ఎవరూ ఎవరినీ బావిలోకి తోయలేదు, ఎక్కడా బొమ్మ పగలలేదు, మిత్రులకు తెలిసినా ఎవరూ ఏమీ అడగలేదు. 1889లో ఆయన పోయాక ఈ వ్యవహారమంతా వీలునామాలో, ఆస్తిని రెండు కుటుంబాలకూ సమంగా పంచుతూ, చప్పని న్యాయవాద భాషలో బయటపడింది. నిజజీవితంలో గుట్టును కాపాడేది తాళం కాదు, అడగకూడదన్న ఇరుగుపొరుగుల మర్యాద. ఆ మర్యాద తెలియని రాబర్ట్ ఆడ్లీ వంటి పనిలేనివాడు ఒక్కడు లేకపోతే నవలే లేదు.

బ్రాడన్‌కు మాత్రం ఆ మర్యాద పూర్తిగా దక్కలేదు. భార్య ఐర్లండులో బతికే ఉన్న ప్రచురణకర్త జాన్ మాక్స్‌వెల్‌తో ఆమె కాపురం పెట్టి, అతని ఐదుగురు పిల్లలను, తన పిల్లలను పెంచుతూ, ఇద్దరు భర్తల పెళ్ళాల కథలు రాసి ఆ సంసారాన్ని పోషించింది. 1864లో తమకు పెళ్ళయిందని మాక్స్‌వెల్ పత్రికల్లో వేయించగా, అతని భార్య తరఫు బంధువు అసలు భార్య బతికే ఉన్నదని పత్రికలకే జవాబు రాశాడు. పదేళ్ళ తరువాత ఆ భార్య నిజంగానే చనిపోయినప్పుడు కథ మరోసారి బజారున పడింది. బ్రాడన్, మాక్స్‌వెల్ ఆ ఏడే అక్టోబరులో చట్టప్రకారం పెళ్ళి చేసుకున్నారు. అయితే ఇన్నేళ్ళూ తాము వంగి వంగి దండాలు పెట్టిన అమ్మగారు అసలు అమ్మగారే కాదని తేలడంతో, ఆ ఇంటి నౌకర్లందరూ ఒక్కుమ్మడిగా పని మానేస్తామని నోటీసు ఇచ్చారు.