టమోటా చేతబట్టుకుని పెయింటు అంగడికి

మీ తాత కొన్న మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు చింతచెట్టు కింద తుప్పు పట్టి నిలబడి ఉందా? ఆయుధపూజ ఇంకా నాలుగు రోజులుందా? చాలు. మూడు బండ్లకు రంగేసిన చేత్తో చెబుతున్నాను. ఆ బండ్లవాళ్ళు ముగ్గురిలో ఒక్కరు కూడా మళ్ళీ నా గడప తొక్కలేదంటే పని ఎంత గట్టిదో మీరే ఊహించుకోండి.

ముందు రంగు సంగతి. టూల్ బాక్సు విప్పితే దాని వెనక, ఎండ తగలని చోట, కంపెనీ వేసిన అసలు రంగు చెక్కుచెదరకుండా ఉంటుందనీ, అది చూపించి అంగట్లో కలిపించుకోవాలనీ కొందరంటారు. వాళ్ళకు పనీపాటా లేదు. ఎరుపంటే ఎరుపే. మదనపల్లె మార్కెట్ యార్డులో నిగనిగలాడే టమోటా ఒకటి ఏరుకుని నేరుగా పెయింటు అంగడికి పోండి. మొదటి డబ్బా మదనపల్లెలో కొనండి. అది చాలదు. రెండోది పుంగనూరులో, మూడోది కుప్పంలో. దారిపొడవునా చేతిలో టమోటా పండుతూనే ఉంటుంది గనక బానెట్టు దోరగా, మడ్‌గార్డులు పండుగా, చక్రాలు కాస్త మాగినట్టుగా తేలుతాయి. మూడు డబ్బాలూ ఒకే చోట కొని, ఒకే బకెట్లో పోసి కలుపుకునేవాళ్ళకు ఈ వన్నె జన్మలో రాదు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది మదనపల్లెలోనే. తర్జుమాకు పేరుపడ్డ ఊళ్ళో ఒక ఎరుపును మూడు ఎరుపులుగా తర్జుమా చేసుకుంటే తప్పా?

చరిత్ర తెలిసినవాళ్ళు ఇంకో పేచీ పెడతారు. 1946లో ఇంగ్లండులో తయారవడం మొదలైన ఫెర్గూసన్ బండి ఒళ్ళంతా బూడిద రంగేననీ, 1953లో ఆ కంపెనీ మాస్సీ హారిస్‌తో కలిశాక కొన్నేళ్ళకు పైన ఎరుపు, కింద బూడిద అనే జోడీ వచ్చిందనీ, 1960లో మద్రాసులో ట్రాక్టర్ల కంపెనీ టాఫే పుట్టాక అదే జోడీ మన చేలల్లోకి దిగిందనీ. కాబట్టి ఇంజనుకు బూడిద రంగే కొట్టాలట! వినకండి. మిగిలిన ఎరుపంతా ఇంజనుకు పూసేయండి. రేడియేటరు రెక్కలకు రెండు కోటింగులు ఇస్తే దుమ్ము దూరదు, గాలి కూడా దూరదు. గ్రీజు నిపిళ్ళు మూసుకుపోయేలా కొడితే గ్రీజు ఖర్చు తప్పుతుంది. సైలెన్సరుకు వేడి తట్టుకునే రంగు వేరే దొరుకుతుంది గానీ మామూలుదే వేయండి. తొలిసారి స్టార్టు చేసినప్పుడు లేచే పొగకు ఊరంతా పరిగెత్తుకొస్తుంది. పూజకు జనం కావాలి గదా.

తుప్పు దగ్గర మన పెయింటర్లు అనవసరంగా కాలం ఖర్చు చేస్తారు. వైరు బ్రష్షుతో గీకడం, 80 నంబరు ఎమిరీతో రుద్దడం, రెడాక్సైడ్ ప్రైమరు, పట్టీ, అది ఆరాక 400 నీళ్ళ పేపరు... అబ్బబ్బ! తుప్పు కూడా ఒకప్పుడు ఇనుమే. దాని మీదే పట్టీ మెత్తేయండి. ఒక వానాకాలం పోయేసరికి లోపల తుప్పు పెరిగి రంగు అప్పడంలా పొంగుతుంది, పొంగిన అప్పడం ఎవరికి చేదు? జిడ్డును కిరసనాయిలు గుడ్డతో ఒకసారి తుడిచి వదిలేయండి. మిగిలిన నూనె మీద రంగు నిలవక చేపకళ్ళలా గుంటలు పడతాయి. అది డిజైననుకోండి.

టిన్నరు గురించి అంగడాయన తప్పకుండా అడుగుతాడు. ఎనామెల్‌కు టర్పెంటైను వేరు, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగుకు టిన్నరు వేరు అంటాడు. ‘ఏదో ఒకటియ్యన్నా’ అనండి. ఇంకా పూర్తిగా ఆరని ఎనామెల్ మీద ఎన్‌సీ కొట్టి చూడండి, కింది కోటింగు లేచి పాల మీగడలా ముడుచుకుంటుంది. పాత బండని మనం నోటితో చెప్పుకోనక్కర్లేదు, ముడతలే చెబుతాయి. హార్డెనరు కలిపే రంగయితే దానికి తగిన మాస్కు కావాలంటారు. ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నాను, వారం రోజులు ఆసుపత్రి మంచం మీద హాయిగా పడుకున్నాను. అంత విశ్రాంతి నాకు పెళ్ళిలో కూడా దొరకలేదు.

చోటు? కుప్పం వైపు గ్రానైటు కోసే షెడ్డు పక్కన ఖాళీ జాగా దొరికితే అదృష్టం. తడి రంగు మీద ఆ పొడి పడితే జారని పట్టు వస్తుంది. వేళ? హార్స్‌లీ కొండ మీద మంచు ఇంకా విడవని తెల్లవారుజాము. ఆ తేమకు ఎన్‌సీ రంగు పాలిపోయి విభూతి పూసినట్టవుతుంది. పూజకు ముందే సగం అలంకారం అయిపోయినట్టు.

ఇక ఆరబెట్టడం. ఆరిందో లేదో చూడాలంటే ఎవరికీ కనబడని మూల వేలితో తాకి చూడాలంటారు. మా మామ బానెట్టు నడిమధ్య అరచెయ్యి మోపి ‘ఇంకా కొంచెం పచ్చిగా ఉందిరా’ అన్నాడు. అయిదు వేళ్ళూ అచ్చుగుద్దినట్టు అలాగే ఉండిపోయాయి. ఏటా ఆయుధపూజకు మా అత్త ఆ అరచేతి గుంటలోనే పసుపు పూసి కుంకుమ పెడుతుంది.