గోంగూర కట్టకు రేటెంత?

“మనిషి దొరకడం లేదండీ. ఒక్క ఆదివారం, అదీ ఒక్క పూట వచ్చి కాస్త కూరగాయలు తరిగిపెట్టి పోతే చాలు. ఆ కాస్త పనికి కూడా మనిషి దొరకడం లేదు.”

ఖమ్మం అపార్టుమెంట్ల లిఫ్టుల్లో, కొత్తగూడెం, పాల్వంచ క్వార్టర్ల ముందు, గోదావరి వంతెన దాటాక భద్రాచలం కాలనీల్లో ఈ మధ్య ఎక్కడ చెవి పెట్టినా ఇదే గోడు. వానలు మొహం చాటేసిన ఏడు రైతు పడే బెంగ దీని ముందు దిగదుడుపు.

ఆ కాస్త పని ఏమిటో అడగండి, ఊపిరి తిప్పుకోకుండా చెబుతారు. కిలో బెండకాయలు కడిగి, తుడిచి, తరిగి, డబ్బాలో అడుగున టిష్యూ కాగితం వేసి సర్దాలి. చిక్కుడుకాయలకు ఈనెలు తీయాలి. గోంగూర నాలుగు కట్టలు, తోటకూర మూడు కట్టలు ఒలవాలి. అరకిలో ఎల్లిపాయలు పొట్టు తీసి, అల్లం గీకి, రెండూ కలిపి ముద్ద చేయాలి. చింతపండులో గింజలూ ఈనెలూ ఏరి గుజ్జు తీయాలి. రెండు కొబ్బరికాయలు కొట్టి తురమాలి. ఇడ్లీకి ఒక పిండి, దోసెకు ఇంకో పిండి రుబ్బాలి. పోతూ పోతూ గ్రైండరు కడిగి, గట్టు తుడిచి, తొక్కలు తీసుకెళ్లి బయట పారేయాలి. అంతే!

ఆ “అంతే” దగ్గర నాకెప్పుడూ గొప్ప గౌరవం కలుగుతుంది. లంకకు వారధి కట్టించిన రాముడు కూడా వానరులతో అంత తేలిగ్గా అని ఉండడు.

ఇది సెల్‌ఫోనులోంచి దిగిన విద్య. ఎక్కడో ఒక దేశంలో ఒకావిడ ఆదివారం పూట ఏడు రోజుల తిండి గాజు డబ్బాల్లో పేర్చి, మూత మీద చీటీ అంటించి, నవ్వుతుంది. వీడియో ముప్ఫై సెకన్లు. మనవాళ్లు చూసి, డబ్బాలు ఆవిడలాగే కొన్నారు. నవ్వడం కూడా వచ్చేసింది. మధ్యలో తరగడం ఒక్కటి మిగిలింది, దానికి మనిషి కావాలి.

మనిషి వచ్చాక చూడాలి తమాషా. ఆమె అలవాటు కొద్దీ కత్తిపీట వాల్చి, పీట మీద ఓ కాలు అదిమిపెట్టి కూర్చుంటుంది. వంకాయ ఇలా తగిలించి అలా లాగితే నాలుగు చెక్కలు, కింద ఉప్పునీళ్ల గిన్నెలో టపటపా పడతాయి. మేడం గారికి గుండె ఆగినంత పని. “అయ్యో, నేల మీదా? నిలబడి చాపింగ్ బోర్డు మీద కొయ్యమ్మా, హైజీను!” ఆమె నిలబడుతుంది. చెరువు గట్టున కొంగలా ఓ కాలి మీదా ఇంకో కాలి మీదా బరువు మార్చుకుంటూ, చేతికి రాని కత్తితో వంకాయను సాగదీస్తుంది. అరగంట పని గంటన్నర పడుతుంది. అప్పుడు మేడం గారు సారు వైపు తిరిగి అంటారు: “చూశారా, వీళ్లకు పనే రాదు.” పైగా ఉప్పునీళ్ల గిన్నె కత్తిపీటతోపాటే పక్కకు పోయింది కదా, మంగళవారానికి ఆ వంకాయ ముక్కలు బొగ్గు పెళ్లల్లా తేలతాయి. ఆ పాపం కూడా ఆమె ఖాతాకే.

ఈ అడవి అంచున లెక్కలేని పని అంటూ లేదు. తునికాకు యాభై ఆకులకో కట్ట. కల్లం దగ్గర కట్టలు లెక్కపెట్టి పేరు మీద రాసుకుంటారు. పత్తి ఏరితే కిలోకింత. మిర్చి ఏరుడు కొన్నిచోట్ల కిలో లెక్క, కొన్నిచోట్ల రోజుకూలి. కొత్తగూడెంలో బొగ్గుకు టన్నుంది. చివరికి గోదారమ్మను కూడా భద్రాచలం దగ్గర అడుగుల్లో కొలుస్తాం, 43 అయితే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. కొలతా తూకమూ లేనిది వంటగదిలో పని ఒక్కటే. అడవిలో తునికాకు కట్టకు రేటుంది గానీ, మేడం గారింట్లో గోంగూర కట్టకు రేటెంతో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

సరే, మనమే లెక్కేద్దాం. నెలకు ఐదు వందలన్నారనుకోండి, ఏదో వరం ఇస్తున్నట్టు. నాలుగు ఆదివారాలకు పూటకు నూట ఇరవై ఐదు. ఐదు గంటల పనికి గంటకు ఇరవై ఐదు రూపాయలు. ఐదో ఆదివారం వచ్చిన నెలలో పూటకు వందే, క్యాలెండరు చేసిన తప్పుకు మేడం గారేం చేస్తారు? ఉపాధి హామీలో 2025-26కు రోజుకూలి 307 రూపాయలు. పలుగూ పారా పట్టి మట్టి తవ్వినవాళ్లకు అది. ఎల్లిపాయ పొట్టు తీసి తీసి గోళ్ల సందుల్లో మంట పుట్టినవాళ్లకు ఇది.

ఇంకో మాట కూడా ఉంది, డబ్బు దగ్గర తడబాటు వచ్చినప్పుడల్లా బయటికి తీసేది. “జీతం సంగతి వదిలెయ్యమ్మా, నిన్ను ఇంట్లో మనిషిలా చూసుకుంటాం.” దీన్ని చాలామంది అబద్ధం అంటారు. నేననను. నూటికి నూరుపాళ్లు నిజం. ఇంట్లో మనిషికి మాత్రం జీతం ఎవరిస్తున్నారు? కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు అందులో గడుపుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. అదీ చేసే మగవాళ్ల సగటు. చేయనివాళ్లను కూడా కలిపితే సగటు ఎక్కడికి జారుతుందో మన ఇళ్లలో సోఫాలే సాక్ష్యం చెప్పాలి.

అక్కడికే వద్దామనుకున్నాను. ఈ మొత్తం నాటకంలో తిట్లన్నీ మేడం గారికి, చెమటంతా పనామెకు. సారు ఏరీ? ఆదివారం పొద్దున సారు మటన్ తేవడానికి వెళ్తారు. రెండు గంటలు పడుతుంది. వచ్చి సంచీ గట్టు మీద పెట్టి, ఇంటిపని అయిపోయిందన్నట్టు పేపరు తీస్తారు. ఇద్దరు ఆడవాళ్లు ఒకరి పనికి ఒకరు వెలకట్టుకుంటూ కొట్లాడుకునే వంటగదిలో, పైసా ఇవ్వకుండా, చెయ్యి తడవకుండా బయటపడ్డ మహానుభావుడు ఆయనొక్కడే.

మనిషి ఎందుకు దొరకదో కూడా మనవాళ్ల దగ్గర సిద్ధాంతం ఉంది. “సన్నబియ్యం ఊరికే ఇచ్చి, బస్సు ఊరికే పెట్టి, జనాన్ని సోమరులను చేశారు.” అన్న నోటితోనే ఆమె ఆటో ఛార్జీ అడిగితే, “ఆటో ఎందుకమ్మా, ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే కదా!” 2023 డిసెంబరులో ఆ పథకం మొదలైంది ఆమెను చెడగొట్టడానికో, వీళ్లకు పది రూపాయలు మిగల్చడానికో తేల్చుకుంటే బాగుండు.

ఆ సోమరులు ఎక్కడున్నారో తెలియాలంటే జనవరి తర్వాత చర్ల, వెంకటాపురం దారిలో తెల్లవారక ముందు నిలబడండి. ట్రాలీల నిండా మిర్చి తోటలకు పోయే ఆడవాళ్లే. ఛత్తీస్‌గఢ్ సుక్మా, బీజాపూర్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి తోటల పక్కన గుడిసెలు వేసుకుంటాయి. ఖమ్మం మార్కెట్లో ఎర్రగా రాశులు పోసే తేజ మిర్చి ఆ చేతుల మీదుగా వచ్చిందే. చేతికి కూలి కనబడే పని ఉన్నప్పుడు “ఇంట్లో మనిషి” హోదా కోసం ఎవరొస్తారు?

పెద్దామె దొరకకపోతే మనవాళ్ల చూపు చిన్నపిల్లల మీదికి పోతుంది. అడవి మండలాల్లో ఉద్యోగం చేసే ప్రతి టీచరుకూ, నర్సుకూ పట్నం చుట్టాల నుంచి ఫోనొస్తుంది: “ఏజెన్సీలోనే ఉన్నావుగా, ఓ పిల్లను చూసిపెట్టు. మేమే చదివిస్తాం.” ఆ చదువు ఏ తరగతిదో నాకు తెలుసు. పొద్దున ఉల్లిపాయల పాఠం, సాయంత్రం అంట్ల పరీక్ష. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో ఇంటిపని చేయించడం 2006 అక్టోబరు నుంచే నిషేధం. 2020 ఏప్రిల్లో, లాక్‌డౌన్‌లో, మన వైపు మిర్చి తోటల్లో కూలికొచ్చిన పన్నెండేళ్ల పిల్ల బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి నడిచిపోతూ, ఇల్లు చేరకుండానే ప్రాణం విడిచింది. ఆ వార్త చదివి కళ్లు తుడుచుకున్న ఇళ్ల నుంచే ఇంకా ఈ ఫోన్లు వస్తున్నాయి.

చట్టాల మాటకొస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల పట్టికలో చేర్చారు. ఇంటిపనివారి హక్కుల మీద 2011లో జెనీవాలో అంతర్జాతీయ ఒప్పందం కుదిరితే మన దేశం చెయ్యెత్తి ఓటేసి వచ్చింది, ఆమోదముద్ర మాత్రం ఇంకా వేయలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, వీళ్లకంటూ ఒక చట్టం సంగతి చూడండని కేంద్రానికి చెప్పింది. ఆ తర్వాత రెండు నెలలకే అర్బన్ కంపెనీ అనే యాప్ సంస్థ ముంబైలో పావుగంటలో పనిమనిషిని పంపుతామని, గంటకు ప్రారంభ ధర 49 రూపాయలని ప్రకటించింది. “ఇన్‌స్టా మెయిడ్స్” అన్న పేరు మీద జనం మండిపడితే “ఇన్‌స్టా హెల్ప్” అని మార్చింది. కోర్టు చెప్పిన చట్టానికన్నా కొత్త పేరే ముందొచ్చింది.

అసలు వారానికి సరిపడా నిల్వ ఎలా చేయాలో ఈ అడవి ఊళ్ల ఆడవాళ్లకు నేర్పబోవడమే పెద్ద జోకు. వారసంత మీద బతికే ఇళ్లు అవి. వేసవిలో రాలిన ఇప్పపువ్వు ఎండబెట్టి నెలల తరబడి దాస్తారు. చింతపండు, ఎండుచేపలు, ఎండుమిర్చి, వెదురుకొమ్ములు, అన్నిటికీ వాళ్లకో పద్ధతి ఉంది. కరెంటు పోతే పాడయ్యేది అందులో ఒక్కటీ లేదు. మన డబ్బాల సంగతి? వేసవిలో ఓ గాలివాన, ఓ చెట్టుకొమ్మ తీగల మీద పడటం, ఫ్రిజ్ తెరిస్తే దోసెపిండి పొంగి మూత తన్నుకుని బయటికొచ్చి ఉంటుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు ఏ డబ్బా మీద ఏ వారం చీటీ ఉందో ఎవరూ చూసుకోలేదు.

కాబట్టి ఇకనుంచి ఇంటర్వ్యూ ఆమె చేస్తే బాగుంటుంది. ఆదివారం ఆమెకూ ఆదివారమే కదా, సంతకో చర్చికో పిల్లల హాస్టలుకో పోవాల్సి ఉంటుంది, మరి ఆ రోజుకు డబుల్ ఇస్తారా? కత్తికి పదునుందా? కూర్చోవడానికి పీట ఉందా? సింకు పారుతుందా? కరెంటు పోయి ముక్కలు కుళ్లితే కోత ఎవరి జీతంలో? చాయ్ మీరు తాగే గ్లాసులోనేనా?

ఈ ప్రశ్నలన్నిటికీ మేడం గారు ఎలాగో తలూపారనే అనుకుందాం. ఆమె చివరగా లోపలికి తొంగిచూసి, “సారు కూడా ఈ డబ్బాల కూరలే తింటరా అమ్మా?” అని అడుగుతుంది. సారు పేపరు కిందికి దించకుండానే జవాబిస్తారు.

“ఫ్రిజ్‌లో పెట్టింది నేను ముట్టను. నాకు అప్పటికప్పుడు తరిగి వండాల్సిందే.”