రోగికి అభయం, కోర్టులో దావా

అమెరికా రాజకీయాల్లో పాత జబ్బున్నవాడికి శత్రువంటూ లేడు. ఎన్నికల కాలంలో టీవీ పెట్టి చూడండి. షుగరు రోగి భుజం మీద చెయ్యేసి ఒక అభ్యర్థి, కేన్సర్ నుంచి కోలుకున్న తల్లి పక్కన కూర్చుని మరో అభ్యర్థి. "ప్రీ ఎగ్జిస్టింగ్ కండిషన్ ఉన్నవాళ్ల జోలికి ఎవడొస్తాడో చూస్తాం" అని రెండు పార్టీలూ మీసం మెలేస్తాయి. ఇంతమంది అండ ఉన్నా ఆ రోగికి పదిహేనేళ్లుగా కంటి మీద కునుకు లేదు. ఎందుకంటే, అభయమిచ్చినవాళ్లలో కొందరు నేరుగా కోర్టుకు వెళ్లి ఆ రక్షణను కొట్టేయమని అడిగారు.

2018లో పడిన దావా సంగతి తీసుకుందాం. అంతకు రెండు నెలల ముందు అక్కడి కాంగ్రెస్ పన్నుల చట్టం చేస్తూ, ఇన్సూరెన్స్ కొననివాళ్లు కట్టాల్సిన జరిమానాను సున్నా చేసింది. ఆ సున్నాను పట్టుకుని టెక్సాస్ ముందు నడవగా 20 రాష్ట్రాలు దావా వేశాయి. జరిమానా సున్నా అయితే అది పన్ను కాదట. పన్ను కాకపోతే ఇన్సూరెన్స్ కొనాలన్న నిబంధన చెల్లదట. అది చెల్లకపోతే ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం, అదే ఒబామా కేర్, మొత్తం చెల్లదట. పాత జబ్బు పేరుతో పాలసీ నిరాకరించకూడదన్న నియమం ఉన్నదీ అందులోనే. ఆ దావాలో మిజోరీ తరఫున చేరిన అటార్నీ జనరల్ జాష్ హాలీ, అదే ఏడాది సెనేట్‌కు పోటీ చేస్తూ, పాత జబ్బులన్నిటికీ కంపెనీలు ఇన్సూరెన్స్ ఇచ్చి తీరాలని టీవీ ప్రకటనలో చెప్పారు. పొద్దున కోర్టు, సాయంత్రం కెమెరా. ఓడిపోయారనుకుంటున్నారేమో, గెలిచారు.

ట్రంప్ గారి పద్ధతి ఇంకా గొప్పది. ఆ చట్టాన్ని పూర్తిగా కొట్టేయమని ఆయన ప్రభుత్వం 2020 జూన్‌లో సుప్రీంకోర్టును అడిగింది. సెప్టెంబరు 24న ఆయన షార్లెట్ నగరంలో నిలబడి, పాత జబ్బులున్నవారిని కాపాడటమే అమెరికా విధానమని ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. ఏ కంపెనీ కట్టుబడాలి, డబ్బెవరు పెట్టాలి అన్న చిల్లర విషయాల జోలికి ఆ ఉత్తర్వు పోలేదు. జీవోల సాహిత్యం చదువుకుని పెరిగిన మనకు ఈ ప్రక్రియ కొత్తేమీ కాదు. ఆ జులైలోనే, రెండు వారాల్లో సంపూర్ణ ఆరోగ్య ప్రణాళిక తెస్తానని ఆయన అన్నారు. రెండు వారాలంటే మన పంచాంగంలో ఒక పక్షం. 2024 సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియాలో జరిగిన ఎన్నికల చర్చలో ఆ ప్రణాళిక ఏదని అడిగితే, ప్రణాళికకు సంబంధించిన భావనలు ఉన్నాయన్నారు. ఒక పక్షం నాలుగేళ్లు నడిచి భావన దాకా వచ్చిందంటే, బిల్లు దాకా రావడానికి ఎన్ని పక్షాలు పడతాయో సిద్ధాంతులే గుణించి చెప్పాలి. దావా మాత్రం 2021 జూన్‌లో తేలిపోయింది. మీకు జరిగిన నష్టమేమిటో చూపలేకపోయారని సుప్రీంకోర్టు 7-2తో దావా వేసినవాళ్లను ఇంటికి పంపింది.

ఈ గొడవ దేనికోసమో అక్కడికి కొత్తగా వెళ్లిన మనవాళ్లకు అంతగా తెలియదు, కంపెనీ ఇచ్చిన కార్డు జేబులో ఉంటుంది కాబట్టి. సొంతంగా కొనుక్కునేవాడి కథ వేరు. 2007 నుంచి 2009 వరకు నాలుగు పెద్ద కంపెనీలే పాత జబ్బుల పేరిట 6,51,000 మందికి పైగా పాలసీ ఇవ్వబోమన్నాయని ప్రతినిధుల సభ కమిటీ తేల్చింది. ఆ రోజుల్లో గర్భం కూడా పాత జబ్బే. భార్య కడుపుతో ఉంటే భర్తకూ పాలసీ దొరకడం కష్టమే. 2009లో కొలరాడోలో నాలుగు నెలల పసివాడు మరీ బొద్దుగా ఉన్నాడని ఒక కంపెనీ వద్దంది. అదే రాష్ట్రంలో రెండేళ్ల పాప మరీ బక్కగా ఉందని ఇంకో కంపెనీ వద్దంది. పిల్లల్ని మధ్యరకంగా కనాలన్న ఇంగితం తల్లిదండ్రులకు ఉండాలి మరి! పత్రికలకెక్కాక బొద్దు పిల్లాడి విషయంలో కంపెనీ మనసు మార్చుకుంది.

రోగం రోగి చేసుకున్నదే అనే సిద్ధాంతం మనకు పాతదే. పూర్వజన్మ పాపమే వ్యాధై పీడిస్తుందని పెద్దలు ఎప్పుడో చెప్పి చేతులు దులుపుకున్నారు. 2017లో అలబామా ప్రతినిధి మో బ్రూక్స్ దానికి కొత్త భాష్యం చెప్పారు. వైద్యం ఖర్చు ఎక్కువయ్యేవాళ్లు ఎక్కువ కడితే, మంచిగా బతికి ఒళ్లు కాపాడుకున్నవాళ్లకు భారం తగ్గుతుందన్నారు. తమ తప్పు లేకుండా జబ్బు పడ్డవాళ్లూ చాలామంది ఉంటారని ఆయనే ఒప్పుకున్నారు కూడా, అది వేరే విషయం. మన సిద్ధాంతంలో గత జన్మ మీదికి నెట్టే వెసులుబాటైనా ఉంది. ఆయన ఖాతా ఈ జన్మదే. కొలరాడో పసివాడు నాలుగు నెలల్లో పాలు తాగడం తప్ప ఏ దురలవాటు చేసుకున్నాడో నాకు తోచడం లేదు.

"ఇల్లు తగలబడ్డాక బీమా ఎవడిస్తాడు?" అనేది ఇంకో బాణం. ఇల్లు కాలితే బయటికి ఉరకొచ్చు. ఒళ్లు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి? జబ్బు చేశాకే అందరూ కొనడం మొదలుపెడితే కంపెనీ మునుగుతుందన్నది నిజం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ కొనాలని చట్టం అడిగింది అందుకే. ఆ జరిమానాను సున్నా చేసింది మాత్రం ఈ బాణం వేసే రిపబ్లికన్ పార్టీయే.

వాళ్ల దగ్గరున్న మందు హై రిస్క్ పూల్. రోగులందర్నీ విడిగా ఒకచోట చేర్చి వాళ్లకో ఇన్సూరెన్స్ పెట్టడం. 2024లో ఉపాధ్యక్ష అభ్యర్థిగా జె.డి. వాన్స్ కూడా ఆ ధోరణిలోనే మాట్లాడారు. ఒబామా కేర్‌కు ముందు 35 రాష్ట్రాల్లో నడిచిన ముచ్చటే ఇది. ప్రీమియం మామూలు ధరకు ఒకటిన్నర నుంచి రెండింతలు. ఫ్లోరిడా అయితే 1991లోనే కొత్తవాళ్లకు తలుపు మూసేసింది. అసలు రసం ఇంకోటుంది. పాత జబ్బు ఉందనే అందులో చేరినవాడికి, దాదాపు అన్నిచోట్లా, మొదటి ఆరు నెలలో ఏడాదో ఆ జబ్బుకు తప్ప మిగతావాటికి వైద్యం! షుగరుకని చేరినవాడు ఆ ఏడాది కాలు విరగ్గొట్టుకుంటేనే గిట్టుబాటు.

అలాగని డెమోక్రాట్లకు హారతులేమీ అక్కర్లేదు. మీ పాలసీ నచ్చితే మీరే ఉంచుకోవచ్చని ఒబామా ఊరూరా చెప్పారు. 2013లో లక్షలమందికి పాలసీ రద్దయినట్టు ఉత్తరాలొచ్చాయి. ఆ మాటకు నిజనిర్ధారణ సంస్థ పొలిటిఫాక్ట్ ఆ ఏటి మేటి అబద్ధంగా పట్టం కట్టింది. 2021లో పెంచి, మరుసటి ఏడాది పొడిగించిన ఒబామా కేర్ ప్రీమియం సబ్సిడీలకు 2025 చివర గడువు పెట్టుకున్నదీ వాళ్లే. గడువు ముంచుకొచ్చాక వాటికోసం పట్టుబడితే ప్రభుత్వం 43 రోజులు మూతపడింది, సబ్సిడీ తేలకుండానే తెరుచుకుంది. పాలసీ లేదు పొమ్మనడం నేరమైన చోట, ఆ మాట ప్రీమియం చేతే అనిపించవచ్చు.

చట్టం లేని రోజులు మళ్లీ రావాలనే నాయకులకు వాటి రుచి చూపించడం తేలికే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగింటికి వెళ్లి, కూతురి పురుడు పోయడానికి వస్తున్న అమ్మానాన్నలకు విజిటర్ ఇన్సూరెన్స్ కొనిపెట్టమనండి. ఒబామా కేర్ నియమాలు ఆ పాలసీలకు వర్తించవు. అమ్మకు బీపీ, నాన్నకు షుగరు. పాత జబ్బులకు చెల్లదని ఒక పేజీలో ఉంటుంది. "అక్యూట్ ఆన్‌సెట్" అయితే చెల్లుతుందని ఇంకో పేజీలో ఉంటుంది. అంటే గుండెపోటు హఠాత్తుగా రావాలి, ఏ సూచనా ఇవ్వకుండా రావాలి. చాలా పాలసీల్లో 24 గంటల్లోపు వైద్యం మొదలు కావాలి, వయసూ హద్దు దాటకూడదు. ముందురోజు రాత్రి అన్నం తింటూ "కొంచెం ఆయాసంగా ఉంది బాబూ" అని నాన్న అల్లుడితో అన్నారనుకోండి. అది సూచన కిందికి వస్తుందో రాదో తర్వాత క్లెయిమ్స్ వాళ్లు తీరిగ్గా తేలుస్తారు.