ఐదు పెట్టెలూ ఒక బావగారూ

కోనసీమలో కొబ్బరికి తెగులు పట్టినా, అమ్మాయికి సంబంధం కుదరకపోయినా సలహా చెప్పడానికి ఊరికి పదిమంది ఉంటారు. గిటారు పెడల్స్ గురించి చెప్పడానికి మాత్రం మా చుట్టాల్లో నేనొక్కణ్నే ఉన్నాను. ముహూర్తాల రోజుల్లో ఆర్కెస్ట్రాతో రాజోలు నుంచి కొత్తపేట దాకా పందిరి పందిరికీ తిరిగి వాయిస్తాను కాబట్టి నా మాటకి కాస్త విలువుంది. విలువంటే, వింటారని కాదు. అడుగుతారు.

మొన్న అంబాజీపేట నుంచి మా బావగారు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనది కొబ్బరి వ్యాపారం, వాడిది ఇంజనీరింగు. వాడి ఫోన్లో ఒక జాబితా ఉంది: ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, కోరస్, డిలే, రివర్బ్. ఒక్కోటి అరచేతిలో పట్టే లోహపు పెట్టె, ఒక్కోటి ఒక్కో రంగు.

"ఇయ్యన్నీ ఏటి బావా? ఒకటి చాలదా?" అన్నారు బావగారు.

"ఒక్కోటీ ఒక్కో పని చేస్తుందండి. మొదటి రెండూ గరుకు తెస్తాయి, కోరస్ స్వరాన్ని చిక్కబరుస్తుంది, చివరి రెండూ ప్రతిధ్వని తెస్తాయి" అన్నాను.

"ఆయ్, అర్థమైంది. దింపుకొకడు, మోతకొకడు, ఒలుపుకొకడు. కూలెంత?"

వాడు ధర చెప్పాడు. బావగారు ఏ ధరనైనా వెయ్యి కాయల లెక్కలోకి మార్చుకుంటేగానీ నమ్మరు. కళ్లు మూసుకుని, పెదాలు కదిపి, తెరిచారు. "అంటే తోటలో ఒక దింపు మొత్తం తీసుకెళ్లి వీడి కాళ్ల కింద పెట్టాలన్నమాట!"

కాళ్ల కింద అన్నది ఆయన తిట్టుగా అన్నా, అక్షరాలా నిజం. ఈ పెట్టెలు ఉండేది అక్కడే. 1962లో అమెరికాలో మేస్ట్రో ఫజ్‌టోన్ పెడల్ వచ్చిన దగ్గర్నుంచి, గిటారిస్టు చేతులతో వాయించి కాళ్లతో స్వరం మార్చుకుంటున్నాడు. జపాను కంపెనీ బాస్ 1977లో చిన్న పెట్టెలు మొదలుపెట్టింది. మరుసటేడు వచ్చిన నారింజరంగు డీఎస్-1 ఇప్పటికీ తయారవుతోంది. అదే కంపెనీ 1988లో ఇవన్నీ ఒకే పలకలో సర్దిన ఎంఈ-5 తెచ్చింది. విడి పెట్టెలా, అన్నీ ఒక్కదాంట్లో ఉన్న మల్టీ ఎఫెక్ట్సా అని అప్పట్నుంచే ఈ తగువు. మా ఇంటి అరుగు మీదకి ఇప్పుడొచ్చింది, అంతే.

"అన్ని పనులూ చేసే మనిషి ఒక్కడు దొరుకుతుంటే ఐదుగురెందుకురా?" అన్నారు బావగారు, మల్టీ ఎఫెక్ట్స్ బొమ్మ చూసి.

"ఆ ఒక్కడికి జ్వరమొస్తేనో?" అన్నాడు మేనల్లుడు. నాకు ముచ్చటేసింది. వాడి మాటలో నిజముంది. డీఎస్-1 లాంటి దాని జాకు ఊడితే అమలాపురంలో రేడియోలు బాగుచేసే ఏ ముసలాయనైనా టంకం పెట్టి ఇచ్చేస్తాడు. మల్టీ మూత తీస్తే లోపల చీమ తలకాయంత విడిభాగాలు చూసి, మళ్లీ మూత పెట్టి, "దీన్ని కదపకండి మేస్టారూ" అంటాడు.

విడి పెడల్లో ఇంకో సుఖం ఉంది. గుండ్రటి మరలు మూడో నాలుగో ఉంటాయి. తిప్పితే మోత మారుతుంది, అక్కడితో సరి. వరస మార్చి చూసుకోవచ్చు కూడా. ఓవర్‌డ్రైవ్ తర్వాత డిలే పెడితే ప్రతిధ్వని తేటగా పలుకుతుంది. డిలే ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ కలిసి ఓవర్‌డ్రైవ్‌లో పడి, సంతలో బేరాలు అయిపోతాయి. ఇది చెవితో నేర్చుకోవాల్సిన విద్య. మల్టీ కొన్నవాడు మొదటి నెలంతా కంపెనీవాళ్లు లోపల పెట్టిన స్వరాల పేర్లు చదువుతూ గడుపుతాడు. ఉన్న రెండొందల్లో జీవితాంతం నాలుగే వాడతాడు.

ఇంతవరకూ మేనల్లుడే గెలుస్తున్నాడు. కానీ వాడికి పందిరి తెలీదు.

పందిట్లో గిటారుకి విడిగా ఆంప్లిఫయర్ ఉండదు. మైక్ సెట్టు కుర్రాడి మిక్సర్లోకే తీగ పోతుంది. గిటారు ఆంప్లిఫయర్‌లో ఉండే స్పీకరు దాదాపు 5 వేల హెర్ట్జ్ దాటిన గరుకంతా తనే కోసేస్తుంది. డిస్టార్షన్ వినసొంపుగా ఉండటానికి సగం కారణం ఆ కోతే. మైక్ సెట్టు హారన్లు కోయవు, ఉన్నదంతా ఊదేస్తాయి. రాజోలు వైపు ఒక పెళ్లిలో నేను ఉత్త డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా మిక్సర్లోకి కలిపి సోలో ఎత్తుకున్నాను. కళ్లు మూసుకుని మరీ వాయించాను. తెరిచేసరికి మైక్ సెట్టు కుర్రాడు పక్కనే నిలబడి, "మేస్టారూ, మీ లైన్లో ఏదో కాలిపోతున్నట్టుందండి. అందుకే ఆపేశాను" అన్నాడు. సోలో మొత్తం ఆర్కెస్ట్రాలో ఎవరికీ వినపడలేదు. ఎవరూ అడగనూలేదు. మల్టీల్లో ఆ స్పీకరు కోతని కూడా లెక్కకట్టి కలిపే ఏర్పాటుంటుంది. నేరుగా మిక్సర్లోకి ఇచ్చినా మోత మోతలాగే ఉంటుంది.

రెండోది పాటలు అడిగే పెద్దమనుషులు. 'గీతాంజలి' పాట మెల్లగా కోరస్‌తో పలుకుతుండగా పెళ్లికూతురి మేనమామ స్టేజీ ఎక్కి 'నాటు నాటు' అంటాడు. విడి పెడల్స్ ఉంటే కోరస్ ఆపాలి, డిలే ఆపాలి, ఓవర్‌డ్రైవ్ వేయాలి. డ్రమ్ముల కుర్రాడు నాలుగు లెక్కపెట్టేలోపు అన్నీ అయిపోవాలి. చెప్పులు విప్పి కాలి బొటనవేలితో మర తిప్పడం నాకు అలా అలవాటైందే. మల్టీలో ఒక్క నొక్కు చాలు.

మూడోది మన గాలి. పెడల్స్ ఐదైతే తీగలు ఆరు, వాటి మొనలు పన్నెండు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఆ పన్నెండులో ఏ ఒక్కటి చిలుం పట్టినా గిటారు మూగబోతుంది. ఏది పట్టిందో వెతకడం తలంబ్రాల వేళకే వస్తుంది. సన్నాయి మేళంవాళ్లు అప్పుడు నావైపు జాలిగా చూస్తారు. వాళ్లకి ఏ తీగా లేదు మరి.

ఇక కరెంటు. పెడల్స్‌లో ఎక్కువవాటికి 9 వోల్టులు, ప్లగ్గు మధ్యలో నెగటివ్. కీబోర్డు అడాప్టర్లు చాలావాటికి 12 వోల్టులు, మధ్యలో పాజిటివ్. రెండు ప్లగ్గులూ ఒక్కలాగే దూరతాయి. "దూరింది కదండీ" అని పెట్టేసే మంచివాడు ప్రతి ఆర్కెస్ట్రాలోనూ ఒకడుంటాడు. ఐదింటికీ ఒకే అడాప్టర్నుంచి గొలుసులా కరెంటిస్తే చవకే గానీ, డిలే లాంటి డిజిటల్ పెట్టె ఒకటి మధ్యలో ఉంటే సన్నగా ఈల మొదలవుతుంది. జెనరేటరూ సీరియల్ సెట్టు లైట్లూ తోడైతే చెప్పక్కర్లేదు.

బావగారు ఇవన్నీ విని, "చించినాడ వంతెన దాటితే పాలకొల్లు. అక్కడ పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఐదు తీగల మీద కర్ణాటక సంగీతమంతా పలికించాడు. ఆ గమకాలు ఏ పెట్టెలోంచి వచ్చాయిరా?" అన్నారు.

"ఆయనదీ ఎలక్ట్రిక్ మాండలినే నాన్నా" అన్నాడు వాడు. ఆ పూటకి అంతకు మించిన సమాధానం ఎవరూ చెప్పలేదు.

బావగారు మల్టీకి డబ్బులిచ్చారు. చిన్నది మంచి కంపెనీదే, విడి పెడల్ ఒకటి రెంటి ధరలోనే వచ్చింది. ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒక్కటి విడిగా మా అక్కయ్య కొనిపెట్టింది. ఆ సంగతి బావగారికి తెలీదు. ఆయన పత్రికల్లో కొబ్బరి ధర తప్ప ఇంకేదీ చదవరన్న ధైర్యంతో రాస్తున్నాను.

నన్నడిగితే, పందిళ్లు తిరిగేవాళ్లు మల్టీ కొనండి. ఇంట్లో ఆంప్లిఫయర్ ఉన్నవాళ్లూ, చర్చిలో వారం వారం ఒకేచోట సామాను విప్పకుండా ఉంచుకునే అదృష్టవంతులూ విడి పెడల్స్ కొనుక్కోండి. ముందు ఓవర్‌డ్రైవ్, తర్వాత డిలే, మిగతావి తోచినప్పుడు. ఏది కొన్నా అడాప్టర్ మీద స్కెచ్ పెన్నుతో మీ పేరూ, 9 వోల్టులనీ పెద్దక్షరాలతో రాసుకోండి. పెళ్లిళ్లలో చెప్పులకన్నా ముందు మాయమయ్యేది అదే.