క్యాబిన్ మీద ఆరు, కింద నాలుగు

ఫిజిక్స్ మాస్టారు రిటైరై ట్రైలర్ లారీ కొంటే ఊళ్లోవాళ్లు మొదట నవ్వుతారు, తర్వాత అప్పడుగుతారు. ఆ రెండూ అయ్యాక మా డ్రైవరు వచ్చి బండికి ఎక్స్‌ట్రా లైట్లు కావాలన్నాడు. విశాఖ నుంచి హైదరాబాదుకు ఇనుప ఊచలు తోలే బండి. చలికాలం తెల్లవారుజామున మంచు దిగితే దారి కనబడటం లేదట.

"ఎన్ని కావాలయ్యా?"

"క్యాబిన్ మీద ఆరు, కింద నాలుగు."

"దారి కనబడటానికి పది దేనికి?"

"దారికి రెండు చాలు మాస్టారూ. మిగతావి ఎదురొచ్చేవాడికి!"

మన హైవేల సంగతి అంతే. ఎదుటివాడు డిప్పర్ కొట్టలేదని మనం హైబీమ్ వేస్తాం, మనం వేశామని వాడు ఇంకో నాలుగు వేస్తాడు. ఇందులో గెలిచినవాడు కూడా ఆ కాసేపూ గుడ్డిగానే తోలుతాడు. పైగా లారీ వెనక 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని పూలూ చిలకలూ వేసి మరీ రాయిస్తాం. ముందునుంచి వచ్చేవాడికి చెప్పాల్సిన మాట వెనక ఎందుకు రాస్తామో నాకిప్పటికీ అంతుబట్టలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో షాపతను ఓ ఎల్‌ఈడీ బారు తీసి బల్లమీద పెట్టాడు. డబ్బా మీద 40 వాట్లు, 40,000 ల్యూమెన్లు అని ఉంది. అంటే వాటుకి వెయ్యి. కంటికి అన్నిటికన్నా బాగా ఆనే ఆకుపచ్చ కాంతికి కూడా వాటుకి 683 ల్యూమెన్లు దాటవని, అది ప్రకృతి పెట్టిన హద్దనీ, మామూలు ఎల్‌ఈడీ నూటికీ నూటయాభైకీ మధ్యలోనే ఆగుతుందనీ వివరించాను. అతను శ్రద్ధగా విని, "అది వేరే కంపెనీ మాల్ అయ్యుంటుంది మాస్టారూ, ఇది బాగా వస్తుంది" అన్నాడు.

అసలు మంచులో వెలుగు ఎంత ఎక్కువైతే అంత చేటు. దూరపు లైటు వేస్తే నీటి తుంపరల మీద పడి సగం వెలుగు తిరిగి మన మొహానికే కొడుతుంది. క్యాబిన్ మీద పెట్టిన లైటు మరీ కళ్లకు దగ్గర కాబట్టి ఎదురుగా తెల్లగోడ కట్టినట్టే. కింద, బంపర్ దగ్గర పెట్టాలి. కాంతి దూరం పోకుండా అడ్డంగా పరుచుకోవాలి. పసుపు లైటు మంచును చీల్చుకుపోతుందన్నది కూడా ఉత్త నమ్మకమే. మంచు తుంపరలు పెద్దవి, అన్ని రంగుల్నీ దాదాపు ఒకే తీరుగా చెదరగొడతాయి. అయినా పసుపువే కొన్నాను, డ్రైవరు మొహం చూడలేక. క్యాబిన్ మీద స్పాట్ లైట్లకు మాత్రం ఒప్పుకోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 111వ నియమం ప్రకారం అవి పెట్టాలంటే రవాణా శాఖవాళ్ల ముందస్తు అనుమతి కావాలి, అదీ ప్రత్యేక పరిస్థితుల్లోనే. "బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి అవన్నీ గుర్తుంటాయా?" అన్నాడు మావాడు. అలాంటివే గుర్తుంటాయి.

ఇక వైరింగు. కారు లైట్లయితే చవక, ఒక్క బ్యాటరీ నుంచి లాగేద్దామన్నాడు ఎలక్ట్రీషియన్. లారీకి 12 వోల్టుల బ్యాటరీలు రెండు, వరసగా కలిస్తే 24. ఒకదాన్నే వాడుకుంటే ఉమ్మడి కాపురంలో తోడికోడళ్ల కథే: ఒకామె పస్తు, రెండో ఆమెకు అజీర్తి. ఛార్జింగు ఇద్దరికీ కలిపే వస్తుంది మరి. కాబట్టి 24 వోల్టులవే, 70 వాట్లవి రెండు. రిలే ఎందుకు, స్విచ్‌కి డైరెక్టుగా ఇచ్చేద్దామన్నాడు. 140ని 24తో భాగించి, ఇంచుమించు 6 ఆంపియర్లు వస్తుందని చూపించాను. అదంతా డ్యాష్‌బోర్డు మీది చిన్న స్విచ్‌లోంచి పోతే లైటుకన్నా ముందు స్విచ్చే వెలుగుతుంది. రిలే పెట్టించాను, బ్యాటరీ దగ్గర ఫ్యూజూ పెట్టించాను.

బిగించాక వంపు సరిచూడాలి. అదీ లోడు మీదే, ఎందుకంటే బరువుకి వెనక కుంగితే ముందు లైట్లు ఆకాశం చూస్తాయి. 106వ నియమం దీనికో కొలత పెట్టింది: దీపానికి 8 మీటర్ల ఎదురుగా, అర మీటరు కుడికి జరిగి, నేలకు మీటరున్నర ఎత్తులో కన్ను పెట్టినవాడికి కళ్లు జిగేల్మనకూడదు. టేపుతో కొలిచి గీత గీశాను. నా కళ్లేమో ఆ ఎత్తు దాటిపోయాయి. అందుకని మోకాళ్లు కాస్త వంచి నిలబడ్డాను. రాత్రి పూట లారీ ముందు సగం కుర్చీ వేసుకున్న మాస్టారిని చూడ్డానికి టీకొట్టు ఖాళీ చేసుకుని జనం వచ్చారు. మావాడు లైటు వేసి, "కనబడుతున్నానా మాస్టారూ?" అని అరిచాడు. కనబడ్డాడు. వంపు సరిపోయింది, మోకాళ్లే లేవలేదు.

మొదటి ట్రిప్పు తిరిగొచ్చాక అడిగాను, మంచులో ఎలా పనిచేశాయని.

"సూపర్ మాస్టారూ! టోల్ గేట్ దగ్గర, ధాబా దగ్గర, చూసినవాళ్లంతా ఎక్కడ కొన్నావని ఒకటే అడగడం."

"అది సరే, రాత్రి దారి కనబడిందా?"

"రాత్రి కవర్లు తీయలేదండి. రాళ్లు తగిలితే అద్దం పగలదూ?"